గ్రీన్ కార్డు దరఖాస్తు నడుస్తుండగా పెళ్లి ఎప్పుడు? తరచుగా అడిగే ప్రశ్నలు

ముహూర్తం చూసే పంచాంగానికీ, అమెరికా విదేశాంగ శాఖ నెలనెలా విడుదల చేసే వీసా బులెటిన్‌కూ (ఎవరి వంతు ఎందాకా వచ్చిందో చెప్పే పట్టిక) పొత్తు కుదరదు. రెండింటి మధ్య ఇరుక్కున్న కుటుంబాలు అడిగే సందేహాలు మాత్రం ఏళ్ల తరబడి అవే.

ముందుగా ఒక్క మాట. ఉద్యోగం ద్వారా గ్రీన్ కార్డు తెచ్చుకునే వారికి, కార్డు ఆమోదం కంటే ముందే పెళ్లి జరిగితే మేలు. తల్లిదండ్రుల ద్వారా 'అవివాహిత సంతానం'గా వెళ్లే వారికి పెళ్లి ముందు జరిగితే కేసే పోవచ్చు. కాబట్టి మేనమామ కొడుకు విషయంలో పనిచేసిన సలహాను మీ కేసుకు తగిలించుకోకండి. ఏ సమాధానానికి ఆ సమాధానమే పూర్తిగా ఉండేలా రాశాం. అందువల్ల కొన్ని విషయాలు రెండు మూడు చోట్ల కనిపిస్తాయి.

## సంబంధాలు చూస్తున్న దశ

నాకు ఐ-140 (యజమాని నా కోసం వేసిన గ్రీన్ కార్డు పిటిషన్) ఆమోదం వచ్చింది, ఇంకా పెళ్లి కాలేదు. తొందరపడాలా?

మీ ప్రయారిటీ డేట్ (వరుసలో మీ స్థానాన్ని తేల్చే తేదీ) వంతు ఇంకా దూరంగా ఉంటే అవసరం లేదు. ఉద్యోగ కోటాలో ఏటా ఇచ్చే వీసాలు సుమారు 1,40,000. అందులో ఒక్కో దేశంలో పుట్టినవారికి 7 శాతం పరిమితి ఉంది. భారత్‌లో పుట్టినవారికి ఈబీ-2, ఈబీ-3 (ఉద్యోగ కోటాలోని రెండు వర్గాలు) వరుసలు పదేళ్లు దాటిపోవడానికి కారణం ఇదే. చట్టం చూసేది ఐ-140 నాటికి మీకు పెళ్లయిందా అని కాదు, మీ ఐ-485 (అమెరికాలో ఉంటూ కార్డు కోసం వేసే చివరి దరఖాస్తు) ఆమోదం పొందే నాటికి అయిందా అని. ఆ రోజుకు ముందు ఎప్పుడు పెళ్లి చేసుకున్నా మీ జీవిత భాగస్వామికి మీ ప్రయారిటీ డేటే వర్తిస్తుంది. ఐ-140లో భార్య పేరు లేదన్న బెంగ అక్కర్లేదు.

అమ్మాయి కువైట్‌లో పుట్టింది. పాస్‌పోర్టు మాత్రం భారత్‌దే. దీనివల్ల ఏమైనా లాభం ఉందా?

చాలా పెద్ద లాభం ఉంది. దేశాల వారీ పరిమితికి లెక్క పౌరసత్వం కాదు, పుట్టిన దేశం. భార్యాభర్తల్లో ఒకరు వేరే దేశంలో పుట్టి ఉంటే, ఇద్దరి దరఖాస్తులనూ ఆ దేశం ఖాతాలో వేయమని కోరవచ్చు. అప్పుడు భారత్ వరుసలో నిలబడే పనే ఉండదు. తల్లిదండ్రులు గల్ఫ్‌లో ఉద్యోగాలు చేస్తున్న రోజుల్లో అక్కడ పుట్టిన తెలుగు పిల్లలు ఎంతమందో! సంబంధాల వివరాల్లో నక్షత్రం, గోత్రం, ఎత్తు, జీతం అన్నీ రాస్తారు కానీ పుట్టిన దేశం రాసేవారు తక్కువ.

ఈ సదుపాయం కావాలంటే మీ ఐ-485 ఆమోదానికి ముందే పెళ్లి జరిగి ఉండాలి. ఆమె పుట్టిన చోటును చూపే జనన ధ్రువపత్రం ఉండాలి. దరఖాస్తులోనే ఈ కోరికను స్పష్టంగా రాయాలి. అధికారులు తమంతట తాము గమనిస్తారని అనుకోవద్దు.

ఐ-485 వేసే అవకాశం వచ్చింది కానీ సంబంధం కుదరలేదు. వేయాలా, ఆగాలా?

అందరినీ ఎక్కువగా నలిపేసే ప్రశ్న ఇదే. వీసా బులెటిన్‌లో రెండు పట్టికలు ఉంటాయి. 'డేట్స్ ఫర్ ఫైలింగ్' మీ ప్రయారిటీ డేట్‌ను దాటితే, ఆ నెలలో ఆ పట్టికను వాడుకోవడానికి యూఎస్‌సీఐఎస్ (ఇమ్మిగ్రేషన్ దరఖాస్తులు చూసే అమెరికా సంస్థ) ఒప్పుకుంటే, దరఖాస్తు వేయవచ్చు. 'ఫైనల్ యాక్షన్ డేట్స్' దాటితేనే కార్డు ఆమోదించగలరు. ఈ రెండు తేదీల మధ్య దూరమే పెళ్లికి మీకు దొరికే వ్యవధి.

2020 అక్టోబరు సంగతి చూడండి. భారత్ ఈబీ-3 ఫైలింగ్ తేదీ ఒక్కసారిగా 2015 జనవరి 1కి వచ్చింది. ఫైనల్ యాక్షన్ తేదీ మాత్రం 2010 దగ్గరే ఉంది. 2014 ప్రయారిటీ డేట్ ఉన్న అవివాహితుడు ఆ నెలలో దరఖాస్తు వేసినా వెంటనే కార్డు వచ్చిపడే ప్రమాదం లేదు. అలాంటి స్థితిలో దరఖాస్తు వేయడమే నయం: ఉద్యోగ అనుమతి పత్రం వస్తుంది, 180 రోజులు పెండింగ్‌లో ఉన్న తరువాత అదే తరహా ఉద్యోగానికి మారే వీలు కలుగుతుంది. ఉద్యోగాలు ఊడే రోజుల్లో ఇది చిన్న రక్షణ కాదు.

ఫైనల్ యాక్షన్ తేదీ కూడా మీ తేదీని దాటి ఉంటే కథ వేరు. దరఖాస్తు వేశాక 'నా పెళ్లి అయ్యేదాకా ఆపండి' అని కోరే పద్ధతేదీ లేదు. కొన్ని నెలల్లోనే కార్డు రావచ్చు. పెళ్లి ఖాయమై, తేదీ మూడు నాలుగు నెలల్లో ఉండి, ఉద్యోగం స్థిరంగా ఉంటే దరఖాస్తు వేయడాన్ని పెళ్లి దాకా వాయిదా వేసుకోవడం సబబే. తేదీలు వెనక్కి పోయే ముప్పు దానికి మీరు చెల్లించే ధర. సంబంధమే కనుచూపు మేరలో లేకపోతే, ఎవరో తెలియని మనిషి కోసం కార్డును వదులుకోవడం నాకు సబబుగా తోచదు.

ఉద్యోగ అనుమతి పత్రం ఉంది కదా, ఇక హెచ్-1బి (తాత్కాలిక ఉద్యోగ వీసా) ఎందుకు?

రేపు చేసుకోబోయే పెళ్లి కోసం. అవివాహితులు ఈ అనుమతి పత్రంతో వేరే సంస్థలో చేరిపోతే హెచ్-1బి స్థితి పోతుంది. ఆ తరువాత పెళ్లి చేసుకుంటే భార్యకు హెచ్-4 (హెచ్-1బి ఉన్నవారి కుటుంబానికిచ్చే వీసా) ఇప్పించడానికి ఆధారం ఉండదు. బులెటిన్ తేదీ ఆ సమయానికి వెనక్కి వెళ్లి ఉంటే ఆమెకు ఐ-485 వేసే వీలుండదు, హెచ్-4లో వచ్చే వీలూ ఉండదు. పెళ్లయ్యేదాకా హెచ్-1బిని పట్టుకుని ఉండండి, పొడిగింపు ఖర్చు ఎంతయినా.

## నిశ్చితార్థం నుంచి పెళ్లి దాకా

గుడిలో పెళ్లయింది, రిజిస్టర్ చేయించలేదు. ఫారంలో 'అవివాహితులు' అని రాయవచ్చా?

రాయకూడదు. పెళ్లి చెల్లుతుందా లేదా అన్నది అది జరిగిన చోటి చట్టం ప్రకారం అమెరికా చూస్తుంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ ప్రకారం, వధూవరుల్లో ఎవరి ఆచారం ప్రకారమైనా తంతు జరిగితే వివాహం జరిగినట్టే. ఆ ఆచారంలో సప్తపది ఉంటే ఏడో అడుగుతో వివాహం పూర్తవుతుంది. రిజిస్ట్రేషన్ దానికి రుజువు మాత్రమే. 'కాగితం లేదు కాబట్టి పెళ్లి కాలేదు' అనే వాదన కాన్సులేట్ కిటికీ ముందు నిలబడదు. సామాజిక మాధ్యమాల్లో బంధువులు పెట్టిన ఫొటోలు చాలు కేసు తిరగబడటానికి.

నిశ్చితార్థం వేరు. ఉంగరాలు మార్చుకున్నా, తాంబూలాలు పుచ్చుకున్నా చట్టం దృష్టిలో మీరు అవివాహితులే.

ముహూర్తం ఆరు నెలల తరువాత ఉంది. ముందుగా రిజిస్టర్ మ్యారేజ్ చేసుకుని కాగితం తీసుకుంటే చాలా?

ఏ చట్టం కింద అన్నదాన్ని బట్టి ఉంటుంది. హిందూ వివాహ చట్టం కింద తంతు ఏదీ జరగకుండా సబ్-రిజిస్ట్రార్ కార్యాలయంలో సంతకాలు పెట్టి తెచ్చుకున్న పత్రం బలహీనమైనది. తంతు లేకుండా పత్రం ఒక్కటే పెళ్లిని సృష్టించదని సుప్రీంకోర్టు 2024లో స్పష్టంగా చెప్పింది. 'వీసా కోసం కాగితం పెళ్లి' చేసుకునే వారికి ఇది నేరుగా తగులుతుంది.

చక్కని దారులు రెండు. ఒకటి, గుడిలోనో ఆర్యసమాజ్‌లోనో కొద్దిమంది సమక్షంలో పూర్తి తంతుతో పెళ్లి చేసుకుని, ఆ తేదీతోనే రిజిస్టర్ చేయించడం. రెండు, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి. దీనికి మతపరమైన తంతు అక్కర్లేదు. కానీ 30 రోజుల నోటీసు ఉంటుంది. ఆ నోటీసు ఇచ్చే ముందు ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో 30 రోజులు నివసించి ఉండాలి. రెండు వారాల సెలవు మీద వచ్చే అబ్బాయిలు ఇక్కడే చిక్కుకుంటారు. అమ్మాయి ఉన్న జిల్లాలో నోటీసు ఇస్తే నివాసం షరతు తీరుతుంది.

అమెరికాలో కోర్టులో ఒకసారి, ఊళ్లో ఘనంగా ఇంకోసారి పెళ్లి చేసుకున్నాం. పెళ్లి తేదీ ఏది రాయాలి?

చట్టప్రకారం చెల్లే మొదటి పెళ్లి తేదీ. ఇద్దరూ అమెరికాలో ఉంటే కౌంటీ కార్యాలయంలో లైసెన్సు తీసుకుని చేసుకున్న పెళ్లికి పూర్తి విలువ ఉంటుంది. తొందర ఉన్నవారికి ఇది సులువైన మార్గం కూడా. లైసెన్సుకూ పెళ్లికీ మధ్య కొన్ని రాష్ట్రాల్లో గడువు ఉంటుంది, ఉదాహరణకు టెక్సాస్‌లో సాధారణంగా 72 గంటలు.

ఊళ్లో జరిగిన రెండో పెళ్లి వేడుక మాత్రమే. ఆ తేదీతో ఇక్కడ మళ్లీ రిజిస్టర్ చేయించి, రెండు తేదీలతో రెండు పత్రాలు చేతిలో పెట్టుకోకండి. ఏదో ఒక ఫారంలో తప్పు తేదీ పడుతుంది, దాన్ని వివరించడానికి ఏళ్లు పడుతుంది.

సెలవు దొరకలేదు. వీడియో కాల్‌లో పెళ్లి చేసుకుంటే చెల్లుతుందా?

వధూవరులు ఒకరి ఎదుట ఒకరు లేకుండా జరిగిన పెళ్లిని అమెరికా ఇమ్మిగ్రేషన్ చట్టం గుర్తించదు. ఆ పెళ్లి తరువాత ఇద్దరూ కలిసి దాంపత్య జీవితం మొదలుపెడితేనే గుర్తింపు. పెళ్లి తరువాత కలిసి ఉన్నట్టు చూపే ప్రయాణ పత్రాలు కావాలి. అంతకుముందు కలిసి తిరిగినవి లెక్కలోకి రావు.

ప్రయారిటీ డేట్ వచ్చేసింది, ఇక్కడేమో మూఢం. పెద్దలు ఒప్పుకోవడం లేదు. ఏం చేయాలి?

బులెటిన్‌కు ఆషాఢం తెలియదు, శుక్ర మౌఢ్యమి అసలే తెలియదు. అమెరికా ఆర్థిక సంవత్సరం అక్టోబరు 1న మొదలవుతుంది, కొత్త కోటా అప్పుడే వస్తుంది. వేసవి చివర్లో కోటా అయిపోయి తేదీలు వెనక్కి పోవడం మామూలే. 2007 జూలై బులెటిన్‌లో ఉద్యోగ కోటా దాదాపు అంతా ఒక్కసారిగా తెరుచుకుని, ఆగస్టు 17 దాకా దరఖాస్తులు తీసుకుని, మళ్లీ మూతపడింది. అప్పుడు పెళ్లి కాని వారు ఏళ్ల తరబడి ఎదురుచూశారు.

పెద్దలతో వాదించడం కంటే అడగవలసిన ప్రశ్న మార్చడం మేలు. 'మూఢంలో పెళ్లి చేస్తారా' అంటే ఎవరైనా కాదంటారు. 'ఇప్పుడు అమెరికాలో కోర్టు పెళ్లి, శ్రావణంలోనో మాఘంలోనో మీరు చెప్పిన ముహూర్తానికి తాళి' అంటే చాలా ఇళ్లలో దారి దొరుకుతుంది. అయితే కోర్టు పెళ్లి నాటి నుంచే మీరు భార్యాభర్తలని, సంబంధం చెడితే విడాకులు తీసుకోవలసి వస్తుందని రెండు కుటుంబాలకూ ముందే తెలియాలి.

అమ్మాయి అమెరికా పౌరురాలు. కె-1 వీసా మంచిదా, పెళ్లి చేసి ఐ-130 (కుటుంబ సభ్యుల కోసం వేసే పిటిషన్) వేయడం మంచిదా?

కె-1 కాబోయే జీవిత భాగస్వామికి ఇచ్చే వీసా. అమెరికాలో దిగిన 90 రోజుల్లో పెళ్లి జరగాలి. అంతకుముందు పెళ్లయితే ఈ వీసాకు అర్హతే ఉండదు. మన నిశ్చితార్థాలు ఈ మధ్య పెళ్లిళ్లను మించిపోతున్నాయి. పూలదండలు, పురోహితుడు, వేదిక ఉన్న ఫొటోలు చూసి 'మీకు ఇప్పటికే పెళ్లయింది' అని అధికారి అనుకునే వీలుంది. ఇక్కడే పెళ్లి చేయాలని కుటుంబం పట్టుబడితే కె-1 జోలికి పోకుండా, పెళ్లి చేసి ఐ-130 వేయడమే శుభ్రమైన పద్ధతి.

## పెళ్లయింది, కార్డు ఇంకా రాలేదు

ఐ-485 పెండింగ్‌లో ఉండగా పెళ్లయింది. నా దరఖాస్తులో భార్య పేరు చేరిస్తే సరిపోతుందా?

సరిపోదు. మీ వైవాహిక స్థితి మారిందని యూఎస్‌సీఐఎస్‌కు తెలియజేయాలి, అది ఒక పని. ఆమె కోసం విడిగా ఐ-485 వేయాలి, అది మరో పని. దానికి ఆమె అమెరికాలో ఉండాలి, దరఖాస్తు వేసే నెలలో మీ ప్రయారిటీ డేట్ కరెంట్‌గా (అంటే వంతు వచ్చి) ఉండాలి. వివాహ ధ్రువపత్రం, మీ ఐ-140 ఆమోద పత్రం, మీ ఐ-485 రసీదు జతచేస్తారు. వైద్య పరీక్షల ఫారం ఐ-693ను 2024 డిసెంబరు 2 నుంచి దరఖాస్తుతో పాటే ఇవ్వాలి.

చాలామంది జనన ధ్రువపత్రం దగ్గర ఆగిపోతారు. పుట్టిన సమయంలో నమోదు కాకపోతే, నమోదు లేదన్న పత్రం మునిసిపాలిటీ నుంచో పంచాయతీ నుంచో తీసుకుని, తల్లిదండ్రుల ప్రమాణ పత్రాలు జతచేయాలి. ఇది పెళ్లి పనులతో పాటే మొదలుపెట్టండి. తేదీ కరెంట్‌గా ఉండేది ఒక్క నెలే కావచ్చు.

నా కార్డు ఏ రోజైనా రావచ్చు. భార్య ఇంకా ఇండియాలోనే ఉంది. ఆమె దారి మూసుకుపోతుందా?

మూసుకుపోదు. ఆమోదం నాటికి పెళ్లి జరిగి ఉంటే ఆమె మీ వెనుక అదే కేసులో రావచ్చు. మీ కార్డు వచ్చాక ఐ-824 ఫారం వేస్తే ఆమె కేసు కాన్సులేట్‌కు వెళుతుంది. కొత్తగా ఐ-130 అవసరం లేదు. అయితే ఆమెకు వీసా ఇచ్చే నాటికి మీ ప్రయారిటీ డేట్ కరెంట్‌గా ఉండాలి. బులెటిన్ తేదీ వెనక్కి పోతే మళ్లీ ముందుకు వచ్చేదాకా ఎదురుచూడాలి.

భార్య హెచ్-4లో ఉంది. నా కార్డు వచ్చింది, ఆమె ఐ-485 ఇంకా వేయలేదు. ఇప్పుడు?

మీ హెచ్-1బి ముగిసిన రోజే ఆమె హెచ్-4 ఆధారం కూడా పోయింది. ఉద్యోగ కోటా కేసుల్లో 180 రోజుల లోపు స్థితి లోపాన్ని మన్నించే నిబంధన ఉంది. ఆ లోపు, తేదీ కరెంట్‌గా ఉండగా, ఆమె ఐ-485 వేయాలి. కార్డు వచ్చిన సంబరంలో ఈ లెక్క మరిచిపోవద్దు.

కొత్తగా పెళ్లయింది కాబట్టి ఆమెకు రెండేళ్ల షరతు కార్డు ఇస్తారా?

మీ ఉద్యోగ కేసులో డిపెండెంట్‌గా వస్తే ఇవ్వరు, మామూలు కార్డే వస్తుంది. పౌరులైన లేదా గ్రీన్ కార్డు ఉన్న భాగస్వామి వేసిన ఐ-130 ద్వారా వచ్చి, అప్పటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే షరతు ఉంటుంది.

## కార్డు వచ్చాక పెళ్లి

కార్డు వచ్చిన వారానికే పెళ్లయింది. ఒక్క వారం తేడాకు ఇంత నష్టమా?

అవును, ఇంత నష్టమే. ఆమెకు మీ పాత ప్రయారిటీ డేట్ దక్కదు. మీరు ఐ-130 వేయాలి, ఆమె ఎఫ్2ఏ (గ్రీన్ కార్డు ఉన్నవారి భాగస్వాములు, చిన్న పిల్లల వర్గం) వరుసలో కొత్తగా నిలబడాలి. అది నెలల్లో తేలదు, కొన్నేళ్లు పట్టవచ్చు. మీకు పౌరసత్వం వస్తే అదే ఐ-130 కోటా పరిమితి లేని వర్గంలోకి మారుతుంది. సాధారణంగా పౌరసత్వానికి కార్డు వచ్చిన ఐదేళ్లకు అర్హత, దరఖాస్తు 90 రోజుల ముందే వేయవచ్చు.

గ్రీన్ కార్డు కంటే ముందే పెళ్లి జరిగినట్టు పాత తేదీతో పత్రం పుట్టించే ఆలోచన ఎవరైనా చెబితే వినవద్దు. ఇమ్మిగ్రేషన్ చట్టాన్ని తప్పించుకోవడానికే చేసుకున్న పెళ్లి అని తేలితే ఐదేళ్ల దాకా జైలు, 2,50,000 డాలర్ల దాకా జరిమానా ఉన్నాయి.

ఐ-130 వేశాం. ఈలోగా ఆమెను విజిటర్ వీసా మీదో స్టూడెంట్ వీసా మీదో తీసుకురావచ్చా?

అడగడానికి అడ్డు లేదు, దొరకడం కష్టం. తిరిగి వచ్చే ఉద్దేశం ఉందని నిరూపించాల్సిన వీసాలవి. ఐ-130 అందుకు విరుద్ధంగా సాక్ష్యం చెబుతుంది. ఫారంలో పెళ్లి విషయం దాస్తే, తప్పుడు సమాచారం ఇచ్చిన మచ్చ ఆమె మీద శాశ్వతంగా పడవచ్చు. ఆమెకు సొంతంగా హెచ్-1బి వస్తే ఈ ఇబ్బంది లేదు.

## తల్లిదండ్రులు, తోబుట్టువుల ద్వారా వెళ్లేవారు

నాన్నకు గ్రీన్ కార్డు ఉంది, నా మీద ఎఫ్2బి (గ్రీన్ కార్డు ఉన్నవారి 21 ఏళ్లు నిండిన అవివాహిత సంతానం వర్గం) వేశారు. ఇప్పుడు పెళ్లి చేసుకోవచ్చా?

నాన్నకు పౌరసత్వం రాకముందు చేసుకుంటే పిటిషన్ ఆ రోజే దానంతటదే రద్దవుతుంది. గ్రీన్ కార్డు ఉన్నవారు పెళ్లయిన పిల్లల కోసం పిటిషన్ వేసే వర్గమే చట్టంలో లేదు. నాన్నకు పౌరసత్వం వచ్చిన మరునాడు చేసుకుంటే కేసు ఎఫ్3 (పౌరుల పెళ్లయిన పిల్లల వర్గం)గా మారి పాత ప్రయారిటీ డేట్ నిలుస్తుంది. నిరీక్షణ మాత్రం పెరుగుతుంది, ఎఫ్3 వరుస పదేళ్లకు మించినది. అయినా భార్యాపిల్లలు కూడా అదే కేసులో రావచ్చు. అంటే మీ పెళ్లికి చూడవలసిన ముహూర్తం నాన్న పౌరసత్వ ప్రమాణం తరువాతే.

పెళ్లి చేసుకుని పిటిషన్ పోగొట్టుకున్నాను. విడాకులు తీసుకుంటే తిరిగి వస్తుందా?

రాదు. రద్దయిన పిటిషన్ బతకదు. కొత్త పిటిషన్ వేయాలి, కొత్త తేదీతో మొదలవ్వాలి.

నాన్న ఉద్యోగ గ్రీన్ కార్డు కేసులో నేను డిపెండెంట్‌ని. నా ఐ-485 పెండింగ్‌లో ఉంది, పెళ్లి చేసుకుంటే?

డిపెండెంట్ సంతానం అంటే 21 ఏళ్ల లోపు అవివాహితులని అర్థం. వయసు లెక్కలో చట్టం కొన్ని సడలింపులు ఇచ్చింది. పెళ్లి విషయంలో ఏ సడలింపూ లేదు. కార్డు చేతికి వచ్చేదాకా ఆగండి.

అన్నయ్య పౌరుడు, నా మీద ఎఫ్4 వేశాడు. పెళ్లి అడ్డమా?

అడ్డం కాదు. తోబుట్టువుల వర్గంలో వివాహితులా కాదా అన్న తేడా లేదు. భారత్‌కు ఈ వరుస పదిహేనేళ్లకు మించి ఉంది కాబట్టి దానికోసం పెళ్లి ఆపుకున్నవారిని నేను చూడలేదు. ఆగినా అర్థం లేదు. మీరు అమెరికాలో అడుగుపెట్టే లోపు పెళ్లయితే భార్య కూడా అదే కేసులో వస్తుంది.

అవివాహిత కూతురిగా ఇమ్మిగ్రెంట్ వీసా ముద్ర పడింది. ప్రయాణానికి ఇంకా నెల ఉంది. ఆ లోపు పెళ్లి చేస్తే ఎవరికి తెలుస్తుంది?

వీసా ముద్ర పడిన రోజు కాదు, అమెరికా విమానాశ్రయంలో ప్రవేశం ఇచ్చిన రోజు దాకా ఆమె అవివాహితగా ఉండాలి. మధ్యలో పెళ్లయితే ఆ వీసా చెల్లదు. దాచి వెళితే విమానాశ్రయంలో బయటపడకపోవచ్చు. అల్లుడి కోసం ఐ-130 వేసిన రోజున పెళ్లి తేదీ, ప్రవేశ తేదీ పక్కపక్కన కనిపిస్తాయి. ముందు ఆమె వెళ్లి, కార్డు తీసుకుని, తిరిగి వచ్చి పెళ్లి చేసుకుంటే ఏ చిక్కూ లేదు. టిక్కెట్ ఖర్చు అదనం, అంతే.

ఆ తప్పు ఇప్పటికే జరిగిపోయింది. కార్డు వచ్చి నాలుగేళ్లయింది. ఇప్పుడు ఏం చేయాలి?

భర్త కోసం ఐ-130 కానీ, పౌరసత్వం దరఖాస్తు కానీ ఇంకా వేయకండి. రెండింటిలోనూ పెళ్లి తేదీ అడుగుతారు. తప్పు రాస్తే కొత్త నేరం, నిజం రాస్తే పాత లోపం బయటికి వస్తుంది. కార్డు ఎన్నేళ్ల క్రితం వచ్చినా దేశం నుంచి పంపే చర్య మొదలు కావచ్చు. అమెరికా పౌరులో గ్రీన్ కార్డు ఉన్నవారో అయిన తల్లిదండ్రులు, భర్త లేదా పిల్లలు ఉంటే ఇమ్మిగ్రేషన్ జడ్జి ఇవ్వగల మినహాయింపు ఒకటి చట్టంలో ఉంది. అది హక్కు కాదు, జడ్జి విచక్షణ. ఫారాలు నింపిపెట్టే ఏజెంటు దగ్గరికి కాకుండా, ఇలాంటి కేసులు కోర్టులో వాదించిన ఇమ్మిగ్రేషన్ అటార్నీ దగ్గరికి పాస్‌పోర్టు, వీసా పేజీ, పెళ్లి పత్రం, శుభలేఖ పట్టుకుని వెళ్లండి. కార్డు గడువు ముగిసి కొత్తది అవసరమయ్యేదాకా, విదేశీ ప్రయాణం తలపెట్టేదాకా ఆ సమావేశాన్ని వాయిదా వేయకండి.